కొట్టు మెట్లెక్కనివాళ్ళు

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారు పగలు బడిలో లెక్కలు చెప్పేవారు. సాయంత్రమైతే బజారు వీధిలో బట్టల కొట్ల గుమస్తాలను కూడగట్టి సంఘం నడిపేవారు. వారపు సెలవు కోసం, రాత్రి వేళకు తలుపులు మూయించడం కోసం ఆయన పడిన పాట్లు ఈ సభలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. ఆయన జీవితమంతా అండగా నిలబడిన చోటు కొట్టు కౌంటరు. ఈ పూట అక్కడ నిలబడే ఒక ప్రశ్నను చూద్దామని వచ్చాను. రాజకీయ కారణంతో జనం ఒక దుకాణంలో కొనడం మానేస్తే పని జరుగుతుందా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. జరుగుతుంది, కాని అరుదుగా. దుకాణానికి ఎంత నష్టం వచ్చిందన్న లెక్కను బట్టి అది తేలదు. మానేసినవాళ్ళు ఒకరికొకరు ఎంత కట్టుబడి ఉన్నారు, అడిగినది ఇవ్వడం ఆ దుకాణదారు చేతిలో ఉందా, ఈ రెండింటిని బట్టి తేలుతుంది. ఇంకో మాట కూడా ఉంది. పని జరిగినంత మాత్రాన అది న్యాయమైపోదు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఇటీవలి కథతో మొదలుపెడతాను. అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఉంది. మన పిల్లలు అక్కడ కాపురం పెట్టాక దుప్పట్ల నుంచి పాల డబ్బాల దాకా కొనుక్కునే చోట్లలో అదొకటి. దాని ప్రధాన కార్యాలయం మినియాపొలిస్‌లో ఉంది. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు అధికారి మెడ మీద మోకాలు పెట్టి చంపింది ఆ ఊళ్ళోనే. ఆ తర్వాత టార్గెట్ పెద్ద పెద్ద మాటలిచ్చింది. 2025 చివరికల్లా నల్లజాతి వ్యాపారుల దగ్గర 200 కోట్ల డాలర్లకు పైగా సరుకు, సేవలు కొంటామంది. నల్లజాతి ఉద్యోగులకు పైమెట్లు ఎక్కే దారి వేస్తామంది. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారింది. నాలుగు రోజులు తిరక్కుండానే, జనవరి 24న, వైవిధ్యం కోసం పెట్టుకున్న లక్ష్యాలకు స్వస్తి చెబుతున్నామని సంస్థ ప్రకటించింది.

నల్లజాతివారికి కడుపు మండింది. అట్లాంటా పాస్టరు జమాల్ బ్రయంట్ క్రైస్తవుల లెంటు దినాలు మొదలయ్యే మార్చి 5 నుంచి 40 రోజుల 'టార్గెట్ ఉపవాసం' ప్రకటించాడు. మినియాపొలిస్‌లో ఉద్యమకారులు అంతకు నెల ముందే మొదలుపెట్టారు. మే నెలలో సంస్థ లెక్కలు బయటికొచ్చాయి. ఏడాదిగా తెరిచి ఉన్న దుకాణాల అమ్మకాలు, ఆన్‌లైన్ అమ్మకాలు కలిపి, అంతకు ముందటి ఏడాది అదే మూడు నెలలతో పోలిస్తే 3.8 శాతం తగ్గాయి. సుంకాల భయం, జనం చేతులు బిగించుకోవడం లాంటి కారణాలతో పాటు జనవరి ప్రకటనపై వచ్చిన వ్యతిరేకత కూడా ఒక కారణమని సంస్థ అధిపతి బ్రయాన్ కార్నెల్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఏ కారణం వాటా ఎంతో విడదీసి చెప్పలేమన్నాడు. ఆగస్టులో ఆయన పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. అక్టోబరులో కార్యాలయ ఉద్యోగాలు 1,800 తీసేస్తామన్నారు. 2025 ముగిసేనాటికి ఆ పాత లక్ష్యాలు మాత్రం వెనక్కి రాలేదు.

దీన్ని గెలుపు అనాలా, ఓటమి అనాలా? రెండేళ్ళు వెనక్కి వెళ్తే కథ ఇంకా మెలిక పడుతుంది. 2023లో ఇదే టార్గెట్ మీద అటు పక్షంవారు దండెత్తారు. స్వలింగ సంపర్కుల, ట్రాన్స్ వ్యక్తుల గౌరవార్థం జూన్ నెలకు పెట్టిన సరుకులను చూసి సంప్రదాయవాదులు బహిష్కరణకు పిలుపునిచ్చారు. కొన్ని దుకాణాల్లో సిబ్బందిని బెదిరించారు. సిబ్బంది భద్రత కోసమంటూ సంస్థ కొన్ని సరుకులను అరల నుంచి తీసేసింది. ఆ మూడు నెలల అమ్మకాలు 5.4 శాతం పడిపోయాయి. ఆ మరుసటేడు ఆ సరుకును తక్కువ దుకాణాల్లోనే పెట్టారు. అంటే అటువారికి ఒకసారి తలవంచింది. ఇటువారికి ఇచ్చిన మాట తర్వాత ఎత్తేసింది. రెండు పక్షాలకూ చెడ్డదైంది. అదే 2025 జనవరిలో కాస్ట్‌కో అనే మరో దుకాణాల సంస్థలో ఇలాంటి కార్యక్రమాల మీద వాటాదారుల తీర్మానం వస్తే 98 శాతానికి పైగా ఓట్లు ఆ తీర్మానానికి వ్యతిరేకంగా పడ్డాయి. ఉన్న విధానం ఉన్నట్టే ఉంది. ఎవరు తిట్టినా కదలని సంస్థ మీద కోపం తొందరగా చల్లారుతుంది. ఒకసారి కదిలిన సంస్థను మళ్ళీ కదిలించవచ్చని అందరికీ తెలిసిపోతుంది.

పరిశోధకులు ఈ బహిష్కరణల మీద చాలా పని చేశారు. 2020 జులైలో గోయా అనే ఆహార సంస్థ అధిపతి అధ్యక్షుడు ట్రంప్‌ను పొగిడాడు. అది దుకాణం కాదు, దుకాణాల అరల్లో ఉండే చిక్కుడు గింజల డబ్బాల సంస్థ. లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల వంటిళ్ళలో దాని పేరే పేరు. బహిష్కరించమని ఒకవైపు, పోటీగా కొనమని మరోవైపు పిలుపులు మోగాయి. లియూకొనీటే, టక్‌మన్, ఝూ అనే ముగ్గురు పరిశోధకులు బిల్లుల లెక్కలు తీసి చూస్తే అమ్మకాలు తగ్గకపోగా కొద్దికాలం 22 శాతం పెరిగాయి. మూడు వారాల్లో అదీ చల్లారింది. ఆ సరుకును తరాలుగా వాడుతున్నవాళ్ళు మానలేదు, కొత్తగా కొన్నవాళ్ళు నిలవలేదు. ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్సు వ్యతిరేకించినందుకు అమెరికాలో ఫ్రెంచి వైన్ మానేయమన్నప్పుడు ఒక అధ్యయనం అమ్మకాలు ఒక దశలో 26 శాతం తగ్గాయని చెప్పింది, మరో అధ్యయనం ఏ ప్రభావమూ కనబడలేదంది. బ్రేడెన్ కింగ్ అనే సామాజిక శాస్త్రవేత్త వేరే దారిలో వెళ్ళాడు. సంస్థలను వంచేది గల్లాలో పడిన గండి కన్నా పత్రికల్లో పడిన మచ్చ అని, అదీ అప్పటికే పరువు సన్నగిల్లిన సంస్థ అయితే త్వరగా వంగుతుందని ఆయన తేల్చాడు.

ఈ లెక్కలన్నీ నేను కాదనను. కాని వీటిలో మనుషులు కనబడరు. మనుషులు కనబడే చోటికి వెళ్దాం.

మిసిసిపీ రాష్ట్రంలో పోర్ట్ గిబ్సన్ అని చిన్న ఊరు. క్లెయిబోర్న్ కౌంటీకి ముఖ్యపట్టణం. ఆ కౌంటీలో ఎక్కువమంది నల్లజాతివారే. అధికారం మాత్రం తెల్లవారిది. 1966 మార్చిలో నల్లజాతివారు ఊరి పెద్దలకు అర్జీ పెట్టుకున్నారు. బడులు, ప్రభుత్వ స్థలాలు అందరికీ తెరవాలి. పోలీసుల్లో నల్లవారిని తీసుకోవాలి. జ్యూరీలో కూర్చోబెట్టాలి. తమ వాడల్లో రోడ్లు వేయాలి, సౌకర్యాలు కల్పించాలి. బస్సు స్టేషన్లో వేరు గదులు పోవాలి. వీటి మధ్య ఇంకో కోరిక ఉంది. నెరిసిన తల ఉన్న మనిషిని పిల్లవాణ్ణి పిలిచినట్టు 'ఏయ్ అబ్బాయ్' అనకూడదు, అందరినీ పిలిచినట్టే గౌరవంగా పిలవాలి. ఆ కోరిక బరువెంతో మన పల్లెల్లో పెరిగినవాళ్ళకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

అర్జీకి సరైన జవాబు రాలేదు. ఏప్రిల్ 1న చర్చిలో వందల మంది సమావేశమయ్యారు. మూడేళ్ళ కిందట హత్యకు గురైన మెడ్గర్ ఎవర్స్‌కు అన్న అయిన చార్లెస్ ఎవర్స్ ముందు నిలిచాడు. ఊళ్ళో తెల్లవారి దుకాణాల్లో ఎవరూ కొనకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. కిరాణా కొట్లు, ఇనుప సామాన్ల కొట్లు, మందుల షాపు, లాండ్రీ, కార్ల డీలరు, పెట్రోలు బంకు, అన్నీ ఆ జాబితాలోకి వచ్చాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రోడ్డు వేయించడం, పోలీసును నియమించడం కిరాణా కొట్టువాడి పనా అని అడగవచ్చు. ఆ ఊళ్ళో అవును. ఆ దుకాణాల యజమానుల్లో చాలామంది ఊరి పెద్దలు. కొందరు పురపాలక సభ్యులు కూడా. పొద్దున గల్లా దగ్గర కూర్చున్న మనిషే సాయంత్రం కౌన్సిల్లో చెయ్యెత్తేవాడు. మరో వైపు, కొట్టుకు వచ్చే బేరంలో పెద్ద భాగం నల్లజాతివారిది. అడుగుతున్నవాళ్ళకూ, ఇవ్వగలవాడికీ మధ్య ఒక్క కౌంటరు చెక్క అడ్డు, అంతే. టార్గెట్‌కు వెళ్ళడం మానేసిన మనిషికీ, ఆ సంస్థ పాలక మండలికీ మధ్య ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టండి.

1967 ఫిబ్రవరిలో పోర్ట్ గిబ్సన్ తన మొదటి నల్లజాతి పోలీసును నియమించింది. అదే నెలలో కొన్ని దుకాణాల మీద బహిష్కరణ ఎత్తేశారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం ఇదే. పంతం తీరేదాకా అందరినీ ఒకే గాటన కట్టి ఎండగట్టలేదు. కదిలినవాడి కొట్టుకు మళ్ళీ వెళ్ళారు. వెళ్తే, పక్క కొట్టువాడికి అది కనబడుతుంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యతో ఊళ్ళో ఉద్రిక్తత పెరిగింది. 1969 ఏప్రిల్‌లో ఒక నల్లజాతి యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపడంతో బహిష్కరణ మళ్ళీ బిగిసింది.

దాని నీడ వైపు కూడా చెప్పాలి. కొట్ల ముందు కాపలా పెట్టారు. కట్టు తప్పి కొన్నవాళ్ళ పేర్లు రాసుకుని సభల్లో చదివారు, అచ్చు వేశారు. కొన్ని ఇళ్ళ మీద తుపాకులు పేలాయి. ఒకరి కారు అద్దం ఇటుకతో పగిలింది. ఎవరి కోసం పోరాడుతున్నారో వాళ్ళనే భయపెట్టిన పనులవి. న్యాయమైన కోరిక ఉందని నేను వాటిని వెనకేసుకు రాలేను.

1969 అక్టోబరులో 17 మంది తెల్ల వ్యాపారులు కోర్టుకెక్కారు. ఎన్‌ఏఏసీపీ అనే జాతీయ సంస్థ మీద, మరో సంస్థ మీద, 140 మందికి పైగా వ్యక్తుల మీద నష్టపరిహారం దావా వేశారు. 1976లో మిసిసిపీ కోర్టు 12 లక్షల 50 వేల డాలర్లకు పైగా కట్టమంది. ఆ రోజుల్లో ఒక పౌరహక్కుల సంస్థను మూయించడానికి ఆ సొమ్ము చాలు. చివరికి 1982 జులై 2న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రాజకీయ మార్పు కోసం శాంతియుతంగా కొనడం మానేయడం, మానేయమని తోటివారికి చెప్పడం, కాపలా నిలబడడం కూడా వాక్‌స్వాతంత్ర్యంలో భాగమేనని చెప్పింది. హింస చేసినవాడు ఆ హింస వల్ల కలిగిన నష్టానికే బాధ్యుడు, ఆ ఉద్యమంలో ఉన్నంత మాత్రాన మిగతావాళ్ళు బాధ్యులు కారు అంది. అర్జీ పెట్టిన నాటి నుంచి ఈ మాట దాకా 16 ఏళ్ళు పట్టింది. సెల్‌ఫోన్లో ఒక పిలుపు పంపి వారం తిరక్కుండా ఫలితమేదని అడిగే రోజుల్లో ఈ లెక్క గుర్తుండాలి.

రెండో కథ మాస్టారికి బాగా నచ్చేది, ఎందుకంటే అది గుమస్తాల కథ. 1984 జులై 19న డబ్లిన్ నగరంలో, హెన్రీ స్ట్రీట్‌లోని డన్స్ స్టోర్స్‌లో, మేరీ మానింగ్ అనే 21 ఏళ్ళ అమ్మాయి కౌంటరు దగ్గర ఉంది. దక్షిణాఫ్రికా సరుకు ముట్టవద్దని ఆమె సంఘం చెప్పింది. అక్కడ వర్ణవివక్ష ప్రభుత్వం నడుస్తున్న కాలమది. ఒక కొనుగోలుదారు తెచ్చిన దక్షిణాఫ్రికా గ్రేప్‌ఫ్రూట్ పండ్లకు బిల్లు వేయనంది మేరీ. ఆమెను సస్పెండ్ చేశారు. తోటివాళ్ళు బయటికి వచ్చేశారు. సమ్మెలో నిలిచినవాళ్ళు ఆమెతో కలిపి పదకొండు మంది. అప్పటికి వర్ణవివక్ష గురించి తమకు తెలిసింది కొంచెమేనని వాళ్ళే తర్వాత చెప్పారు. నిమ్రోడ్ సెజాకే అనే దక్షిణాఫ్రికా ప్రవాసి రోజూ పికెటింగ్‌లో వాళ్ళతో నిలబడి తన దేశపు బతుకు చెప్పాడు. నెలలు గడిచేకొద్దీ సంఘం ఆదేశం వాళ్ళ సొంత నిశ్చయమైంది. దారిన పోయేవాళ్ళలో తిట్టినవాళ్ళు ఉన్నారు, ఆ గీత దాటి లోపలికెళ్ళి కొనుక్కున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. సమ్మె రెండున్నరేళ్ళు దాటింది. 1985లో డెస్మండ్ టూటూ పిలిస్తే వాళ్ళు దక్షిణాఫ్రికా వెళ్ళారు. విమానాశ్రయం నుంచే వెనక్కి పంపేశారు.

డన్స్ స్టోర్స్ లొంగలేదు. 1987లో ఐర్లండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతిని నిషేధించింది. దుకాణం ముందు నిలబడితే ప్రభుత్వం కదిలింది. అమ్మకాలు తగ్గాయా లేదా అని మాత్రమే కొలిచేవాళ్ళకు ఈ విజయం లెక్కలోకే రాదు. పదకొండు మంది వర్షంలో నిలబడి ఉండకపోతే ఆ పండు సంగతి ఆ దేశం పార్లమెంటు దాకా వెళ్ళేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మన ఇంటికి వద్దాం. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వారిలో కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ దుఃఖం నిజం. చైనా సరుకు కొనం అన్న కోపమూ నిజమే. వర్తక సంఘాలు వేల వస్తువుల జాబితాలు వేశాయి. ఏమైంది? 2020–21లో చైనా నుంచి మన దిగుమతులు దాదాపు 6,500 కోట్ల డాలర్లు. 2024–25 నాటికి 11,300 కోట్లు దాటాయి. టీవీల్లో, ఫోన్లలో లోపలి భాగాలు, మందుల్లో ముడి రసాయనాలు ఎక్కడివో కొనేవాడికి కనబడదు. చైనా బ్రాండు షావోమి ఫోన్లను మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు బిగించారు. ఆ కోపానికి ఒక కౌంటరు దొరకలేదు. అడిగేదేమిటో, ఎవర్ని అడుగుతున్నామో, ఎప్పుడు ఆపుతామో ఎవరూ రాసిపెట్టలేదు. యాప్‌ల నిషేధం జరిగింది, కాని అది ప్రభుత్వం చేసినది, కొనుగోలుదారులు చేసినది కాదు.

స్వదేశీ రోజుల్లో అలా కాదు కదా అంటారు. నిజమే. 1905లో బెంగాల్ విభజన మీద ఎగసిన ఉద్యమం ఒక్క ఏడాదిలో కలకత్తా రేవులో దిగుమతులను కదిలించింది. 1906 ఆగస్టులో, అంతకు ముందటి ఆగస్టుతో పోలిస్తే, మిల్లు బట్ట 22 శాతం, సిగరెట్లు 55 శాతం, బూట్లు 68 శాతం తగ్గినట్టు అక్కడి కస్టమ్స్ అధికారే రాశాడు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి మాట్లాడాక ఆ గాలి మన గోదావరి ఒడ్డునా వీచింది. తర్వాతి కాలంలో కాకినాడలో చిన్న వయసులోనే విదేశీ బట్ట మంటల్లో వేసిన దుర్గాబాయి మనవారే. ఆ వారసత్వం నాకూ గర్వమే. కాని ఆ బెంగాల్ ఉద్యమానికి ఒక గాయం ఉంది, దాన్ని దాచకూడదు. చవక విదేశీ బట్ట కట్టుకునేవాడు పేద రైతు. దాన్ని సంతలో అమ్మేవాడు చిన్న వ్యాపారి. తూర్పు బెంగాల్లో ఆ ఇద్దరూ ఎక్కువగా ముస్లింలు, నామశూద్రులు. మానుకోమని ఒత్తిడి చేసినవాళ్ళలో జమీందార్లు, వాళ్ళ మనుషులు ఉన్నారు. 1907లో కొమిల్లా, జమాల్‌పూర్‌లలో అల్లర్లు లేచాయి. ఉద్యమంలో మొదట ముందు నిలిచిన రవీంద్రనాథ్ టాగోర్ దూరం జరిగాడు. ఆ బాధనంతా 'ఘరే బైరే' నవలలో పెట్టాడు.

మనకు వెలి అంటే తెలుసు. కొట్టులో సరుకివ్వరు, పొలం పనికి పిలవరు, మంగలి రాడు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. దానికి ముందు వారాల పాటు అక్కడ నడిచింది వెలే. బలం ఉన్నవాడు లేనివాడి మీద చేసే బహిష్కరణ దాదాపు ఎప్పుడూ 'పని చేస్తుంది'. ఆకలి దానికి తోడుంటుంది కాబట్టి. 1933 ఏప్రిల్ 1న జర్మనీలో నాజీలు యూదుల దుకాణాల ముందు దళాలను నిలబెట్టి లోపలికెళ్ళవద్దన్నారు. చాలామంది జర్మన్లు లెక్కచేయకుండా లోపలికెళ్ళి కొనుక్కున్నారు, ఒక్క రోజుకే ఆపేశారు. కాని వారం తిరిగేసరికి యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసే చట్టం వచ్చింది. ఆ రోజు కొట్ల ముందు నిలబెట్టింది వినియోగదారులను కాదు, రాజ్యాన్ని.

2025 ఆగస్టులో తెలంగాణలో 'మార్వాడీ గో బ్యాక్' నినాదం వినబడింది. స్థానిక చిన్న వ్యాపారుల ఆందోళనకు కారణాలు ఉండవచ్చు, వాటి మీద చర్చ జరగాలి. ఎవరైనా ఎవరినైనా కొడితే చట్టం ఉంది, దాన్ని కదిలించాలి. కాని 'వెళ్ళిపో' అన్నది ఏ దుకాణదారూ తీర్చగలిగిన కోరిక కాదు. పోర్ట్ గిబ్సన్ వాళ్ళు కొట్టువాణ్ణి మారమన్నారు, మారినవాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళారు. పుట్టుకను మార్చుకోమని ఎవర్నీ అడగలేం. అలాంటి పిలుపు ఎవరి నోట వచ్చినా, ఏ మతం మీద, ఏ కులం మీద వచ్చినా, నేను దాన్ని వెలి కిందే లెక్కగడతాను. మన చట్టం కూడా ఈ గీత కొంత గీసింది. ఎస్సీ, ఎస్టీల మీద సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో నేరమైంది. మిగతా బలహీనులకు దేశమంతటా ఆ రక్షణ ఇంకా రావలసి ఉంది.

కౌంటరు వెనక ఉన్నవాళ్ళ సంగతి చెప్పకుండా నేను దిగిపోలేను. గాజా యుద్ధం మొదలయ్యాక పశ్చిమాసియాలో జనం స్టార్‌బక్స్‌కు వెళ్ళడం మానేశారు. ఆ బాధలో, ఆ కోపంలో నాకు న్యాయం కనిపిస్తుంది. ఆ ప్రాంతంలో ఆ దుకాణాలను నడిపేది అమెరికా సంస్థ కాదు, కువైట్‌కు చెందిన అల్‌షయా అనే సంస్థ. 2024 మార్చిలో అది 2,000 మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. గల్ఫ్‌లో కాఫీ కప్పు అందించే చేతులు ఎక్కడెక్కడివో, కరీంనగర్ నుంచి కడప దాకా ఆ ఎడారి దారి పట్టిన కుటుంబాలకు వేరే చెప్పాలా? ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే అప్పు మిగులుతుంది. అందుకని ఆ బహిష్కరణ తప్పని నేను అనను. దాని ఖర్చు ఎవరి జీతంలోంచి పోతుందో పిలుపు ఇచ్చేవాళ్ళు ముందే తెలుసుకోవాలి.

ఈ గుమస్తాల సంఘానికి, వినియోగదారుల సంఘాలకు నా విన్నపం ఒకటి. ఇకపై ఏ దుకాణం మీద పిలుపు ఇచ్చినా ముందు ఆ దుకాణం గుమస్తాలతో కూర్చోండి. వాళ్ళ సంఘం లేకపోతే కట్టించండి. కోరిక ఒక కాగితం మీద, ఆ యజమాని సంతకం పెట్టగలిగేటట్టు రాయండి. ఏది జరిగితే ఆపుతారో కింద రాయండి. సమ్మె నిధిలాగే, కొనడం మానేసిన రోజుల్లో జీతం పోగొట్టుకున్న గుమస్తా ఇంటికి బియ్యం పంపడానికి ఒక నిధి పెట్టండి. డబ్లిన్‌లో ఆ పదకొండు మందికి వారానికి దక్కినది 21 పౌండ్ల సమ్మె భత్యం మాత్రమే. మన ఊళ్ళో దానికి ఎంత కావాలో లెక్క కట్టడం ఈ సంవత్సరమే మొదలుపెట్టవచ్చు. మొదటి చందా నేనిస్తాను.